రెస్ట్: ఒక మాట నడిచిన ఆమడలు

స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో, ఊదారంగు అద్దిన తోలు పత్రాల మీద వెండి సిరాతోను, అక్కడక్కడ బంగారు సిరాతోను రాసిన ప్రాచీన గ్రంథమొకటి ఉంది. వెండి పుస్తకమని దానికి పేరు. గోతు జాతివారి భాషలోకి 4వ శతాబ్దంలో వుల్ఫిలా అనే మతాచార్యుడు తెచ్చిన సువార్తలు అందులో ఉన్నాయి. 6వ శతాబ్ది ఆరంభంలో ఇటలీలో ఎత్తిరాసిన ప్రతి అది. గోతులకు గ్రంథం రాసుకోదగ్గ లిపి లేకపోతే, వుల్ఫిలా ముందు లిపిని సమకూర్చుకుని ఆ తరువాతే అనువాదానికి పూనుకున్నాడు. బలవంతాన ఒక మైలు నడిపించినవాడితో రెండో మైలు కూడా నడవమన్న క్రీస్తు బోధ వచ్చేచోట, మైలు అనే గ్రీకు మాటకు ఆయన వాడిన గోతు మాట ‘రస్తా’. ఈనాడు మన ఇళ్లలోనూ ఆసుపత్రుల్లోనూ రోజూ వినిపించే ‘రెస్ట్’ అనే ఇంగ్లీషు మాటకు అది తోబుట్టువు. దూరాన్ని కొలిచే మాటా, అలుపు తీర్చుకోవడాన్ని చెప్పే మాటా ఒకటే ఎలా అయ్యాయో గ్రహిస్తే, తరువాతి పదహారు వందల ఏళ్ల కథ తీగ లాగినట్టు దానంతటదే వస్తుంది.

ఇది గోతుల వాడుక మాత్రమే కాదు. పాత జర్మన్‌లో ‘రస్తా’ అంటే విశ్రాంతి, దారిని కొలిచే ఒక ప్రమాణం కూడా. ఐస్‌లాండ్ గాథల భాషలో ‘రోస్త్’ అంటే ఒకచోట ఆగి మళ్లీ ఆగేదాకా నడిచే దూరం. మైలురాళ్లు పాతిన రాచబాటలు రోము సామ్రాజ్యానికి ఉండేవి గాని, ఉత్తరాది అడవి దారులకు ఎక్కడివి? నెత్తిన మూటతో ఎంత దూరం నడిస్తే దించక తప్పదో అంత దూరమే అక్కడ లెక్క. ఈ సంగతి తెలుగు పాఠకుడికి వింతగా తోచదు. దిగడమనే అర్థమున్న అరబ్బీ ధాతువులోంచి పుట్టిన ‘మంజిల్’ మన దగ్గర మజిలీ అయింది. బస చేసే చోటు మజిలీ, బసకూ బసకూ మధ్య నడక కూడా మజిలీయే. 1830-31 సంవత్సరాల్లో మద్రాసు నుంచి కాశీకి వెళ్లి వచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య తన దారినంతా మజిలీల వరుసలోనే రాసుకున్నాడు. మధిర సుబ్బన్న దీక్షితులు తన కథల సంపుటాలకు కాశీమజిలీ కథలని పేరు పెట్టి, ఆగిన ప్రతిచోటా ఒక కథ చెప్పించాడు. ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. మనం రాస్తారోకో అనేటప్పటి ‘రాస్తా’కూ, గోతుల ‘రస్తా’కూ చెవికి తోచే పోలికే తప్ప చుట్టరికం లేదు. మనది పారశీకం నుంచి వచ్చింది. తిన్ననిది అనే అర్థం దాని మూలం. పోలికను చూసి చుట్టరికం కలపడం పదాల చరిత్ర రాసేవారికి ఎదురయ్యే మొదటి ప్రలోభం.

నిజమైన చుట్టరికం మరోచోట ఉంది. గోతు భాషలోనే నెమ్మదిని, నిశ్చలతను చెప్పే ‘రిమిస్’ అనే మాట ఉండేది. దానికీ సంస్కృతంలోని ‘రమ్’ ధాతువుకూ మూలం ఒకటే. ఆ ధాతువే మనకు విరామాన్నీ ఆరామాన్నీ ఇచ్చింది. మిగతా ఏడాదంతా ఊరూరా తిరిగే బౌద్ధ భిక్షువులు వానాకాలం మూడు నెలలూ నడక మాని నిలిచిన చోట్లు ఆరామాలయ్యాయి. అమరావతి, నాగార్జునకొండల్లో ఆ ఇటుక కట్టడాల ఆనవాళ్లు నేటికీ ఉన్నాయి. ఆ కుదురే ఇరాన్‌లో ‘ఆరామ్’ అయి, ఉర్దూ వెంట హైదరాబాదు చేరి, నగరం దక్షిణపు అంచున ఆరాంఘర్ చౌరస్తా పేరులో నిలిచింది. ఇక మన ‘విశ్రాంతి’ సంగతి చూడండి. దాని లోపల శ్రమ ఉంది. ‘వి’ అనే ఉపసర్గ వచ్చి ఆ శ్రమను తొలగిస్తుంది. శ్రమ లేనిచోట విశ్రాంతి అనడానికి వ్యాకరణమే ఒప్పుకోదు. ఉత్తర ఐరోపావాడు నడక దూరంలోంచి, మనవాళ్లు ఒంటి శ్రమలోంచి ఈ భావానికి పేరు పెట్టుకున్నారు. పని చేయనివాడికి ఈ మాటతో పని లేదని రెండు చోట్లా భాషకు తెలుసు. ఈ మాట చరిత్ర చదివినకొద్దీ నాకు పదేపదే ఎదురైన సత్యం ఇదే.

ఆంగ్లో శాక్సన్లు ఈ మాటను తమతో బ్రిటన్ దీవికి తీసుకువెళ్లారు. అక్కడ దూరపు కొలత అనే అర్థం రాలిపోయింది, మంచం అనే అర్థం బలపడింది. ప్రాచీన ఇంగ్లీషులో ‘రెస్ట్’ అంటే నిద్ర, పడక, ఆఖరికి సమాధి కూడా. విశ్రాంతి దినమైన సబ్బాతుకు ‘రెస్టెదేయ్’ అని సొంత మాటల్లో పేరు పెట్టుకున్నారు. ఆ కాలపు ఘట్టాల్లో ఒకటి నాకెంతో ప్రియమైనది. 7వ శతాబ్దంలో హిల్డా అనే సన్యాసిని ఏలుబడిలోని విట్బీ మఠంలో కాడ్మన్ అనే పశువుల కాపరి ఉండేవాడు. విందుల్లో వీణ చేతికి చేతికి మారుతూ తన దగ్గరకు వస్తుంటే, పాట రాదన్న సిగ్గుతో లేచి వెళ్లిపోయేవాడు. అలా ఒక రాత్రి పశువుల కొట్టంలో నిద్రపోయాడు. కలలో ఎవరో వచ్చి పాడమన్నారు, పాడాడు. పేరు తెలిసిన ఇంగ్లీషు కవుల్లో అతనే మొదటివాడు. బీడ్ అనే చరిత్రకారుడు 731లో ముగించిన లాటిన్ గ్రంథంలో ఈ కథ ఉంది. తరువాత దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినవారు కాడ్మన్ మేను వాల్చిన సందర్భంలో వాడిన మాట ‘రెస్ట్’. ఇంగ్లీషు కవిత్వపు పుట్టుక కథలోనే, ఒక కూలివాడి పడకగా, ఈ మాట ఉన్నదన్నమాట.

1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఆస్థానంలో ఫ్రెంచి మాటలు కొలువుదీరాయి. ఈజ్, లీజర్, రిపోజ్ అన్నీ ఆ దారిన వచ్చినవే. లీజర్‌కు మూలం ‘అనుమతి ఉండటం’ అనే లాటిన్ క్రియ. రిపోజ్‌కు మూలం గ్రీకులో ఆపడమనే అర్థమున్న మాట. తీరిక, సుఖం, ఠీవి దొరల మాటలయ్యాయి. రెస్ట్ మాత్రం నాగలి దున్నేవాడి దగ్గర, కొలిమి ఊదేవాడి దగ్గర మిగిలిపోయింది. వెయ్యేళ్లు కావస్తున్నా ఆ తేడా పూర్తిగా చెరిగిపోలేదు. పాలరాతి ప్రతిమ నిశ్చలతను వర్ణించేటప్పుడు రిపోజ్ అంటారు, రాత్రి డ్యూటీ నుంచి వచ్చిన నర్సుకు కావలసింది రెస్ట్.

ఫ్రెంచి దారినే, 15వ శతాబ్దంలో, అదే రూపంలో మరో మాట దిగింది. మిగిలినది, శేషం అనే అర్థమున్న ‘రెస్ట్’ అది. వెనక నిలిచిపోవడం అనే లాటిన్ క్రియ దాని తల్లి. ఉచ్చారణ ఒకటే, అక్షరాలు ఒకటే, పుట్టిల్లు వేరు. మనం పోలీసు వార్తల్లో రోజూ చదివే ‘అరెస్ట్’ ఈ రెండో కుటుంబానికి చెందినది. ఆపి నిలబెట్టడం దాని భావం. ‘రెస్టివ్’ అనే మాట ఇంకా చిత్రమైనది. కదలనని మొరాయించే గుర్రాన్ని మొదట అలా అనేవారు. మొరాయించే గుర్రం నిలిచినచోటే గిట్టలు తన్నుకుంటుంది కాబట్టి, క్రమంగా ఆ మాటకు కుదురులేనితనం అనే అర్థం వచ్చి పడింది. కదలనిదని చెప్పిన మాటే కుదురులేనిదని చెప్పసాగింది.

ఈ రెండు రెస్టులనూ ఒకే మాటలో వినిపించే అవకాశాన్ని ఇంగ్లీషు కవులు వదులుకోలేదు. చనిపోతూ హామ్లెట్ చెప్పే ఆఖరి వాక్యంలో ఈ మాట ఉంది. మిగిలినదానిని గురించి చెబుతున్నట్టే ఉంటుంది గాని, దాని వెనక శాశ్వత విశ్రాంతి ధ్వని వినిపించక మానదు. జార్జ్ హెర్బర్ట్ అనే పల్లెటూరి చర్చి ఆచార్యుడు మరికొంత ముందుకు వెళ్లాడు. 1633లో, ఆయన కన్నుమూసిన ఏడాదే అచ్చయిన ‘ది టెంపుల్’ అనే సంపుటిలో ‘ది పులీ’ అనే చిన్న కవిత ఉంది. దేవుడు మనిషిని సృష్టించి తన పాత్రలోని వరాలన్నీ ఒక్కొక్కటిగా అతని మీద కుమ్మరిస్తాడు. అడుగున విశ్రాంతి ఒక్కటే ఉండగా చేయి ఆపుతాడు. అదీ ఇస్తే మనిషి సృష్టిలోనే తృప్తిపడి సృష్టికర్తను మరిచిపోతాడని ఆయన తలపు. పాత్ర అడుగున మిగిలిన ‘రెస్ట్’ విశ్రాంతి, మనిషికి దక్కిన ‘రెస్ట్’ తక్కినదంతా. శ్లేషను ప్రాణప్రదంగా చూసుకున్న ప్రబంధకవుల సంప్రదాయం మనది. ఈ కవితలోని శ్లేష వేదాంతాన్ని ఎంత హుందాగా మోస్తున్నదో మనవాళ్లు ఇట్టే పోల్చుకుంటారు.

ఈలోగా బైబిలు 1611లో రాజాజ్ఞతో ఇంగ్లీషులో వెలువడి ఇంటింటికీ చేరింది. ఆరు రోజుల సృష్టి తరువాత ఏడో రోజు దేవుడే విశ్రమించాడనే కథ, దాని వెంట సబ్బాతు ఆజ్ఞ, సామాన్యుల నోళ్లలో నానాయి. మానుకోవడం, ఆపడం అనేదే సబ్బాతు అనే హీబ్రూ మాటకు మూలార్థం. ఆ ఆజ్ఞలో ఒక విశేషముంది. విశ్రాంతి యజమానికే అని ఊరుకోక, దాసుడికి, దాసికి, పరదేశికి, ఎద్దుకు, గాడిదకు కూడా అని అది పేరుపేరునా లెక్కపెడుతుంది. పని చేసే ప్రతి ప్రాణికీ ఒక దినం కేటాయించిన ఆ జాబితా తరువాతి కాలపు కార్మిక చట్టాలకు తొలి ముసాయిదా అని నా అభిప్రాయం. సమాధుల మీద చెక్కే ఆర్.ఐ.పి. అనే మూడక్షరాలు కూడా మత సంప్రదాయం నుంచే వచ్చాయి. అవి లాటిన్ ప్రార్థనావాక్యానికి పొడి అక్షరాలు. ఆ భావాన్ని ఇంగ్లీషులో చెప్పబోతే మాటల తొలి అక్షరాలు అవే కుదిరాయి. ఒక ప్రార్థన భాష మారినా దాని అక్షరాలు మారకపోవడం అరుదైన సంగతి.

1687లో న్యూటన్ ‘ప్రిన్సిపియా’ వచ్చాక ఈ మాట గుడి దాటి భౌతికశాస్త్రంలో అడుగుపెట్టింది. 1729లో ఆండ్రూ మాట్ ఆ లాటిన్ గ్రంథాన్ని ఇంగ్లీషు చేసినప్పుడు మొదటి సూత్రంలోనే రెస్ట్ కుదురుకుంది. వస్తువుల సహజస్థితి విశ్రాంతేనని అరిస్టాటిల్ నాటి నుంచి నమ్మకం. నిశ్చలంగా ఉండటమూ ఒకే వేగంతో సూటిగా సాగిపోవడమూ సూత్రం ముందు సమానమేనని న్యూటన్ తేల్చాడు. 1905లో ఐన్‌స్టీన్ వచ్చి సంపూర్ణ నిశ్చలత అనేదాన్ని లెక్కలోంచే తీసేశాడు. శాస్త్రంలో రెస్ట్ అంటే ఎవరు చూస్తున్నారన్నదాన్ని బట్టి ఉండేది. ఈ ఘట్టం ఇంతే.

ఆవిరియంత్రం వచ్చాక కథ బరువెక్కింది. యంత్రానికి అలుపు లేదు, దాని పక్కన నిలబడ్డ మనిషికి ఉంది. సూర్యుడితో లేచి సూర్యుడితో పడుకునే పల్లె నడవడిని మిల్లు గంట చెరిపేసింది. 1802లో బ్రిటిష్ పార్లమెంటు బట్టల మిల్లుల్లోని అనాథ బాలల పనిని రోజుకు 12 గంటలకు పరిమితం చేస్తే అదే గొప్ప దయ అనిపించింది. స్త్రీలకు, కుర్రవాళ్లకు 10 గంటల పరిమితి దక్కేసరికి 1847 అయింది. స్వయంగా మిల్లు యజమాని అయిన రాబర్ట్ ఓవెన్ రోజును మూడు సమభాగాలు చేశాడు: పనికి 8 గంటలు, వినోదానికి 8, విశ్రాంతికి 8. ఈ పంపకాన్ని మొదట సాధించిన వారిలో ఆస్ట్రేలియా రాతిపనివారు ముఖ్యులు. 1856 ఏప్రిల్ 21న మెల్బోర్న్‌లో వారు పనిముట్లు కింద పెట్టి ఊరేగింపుగా నడిచారు, జీతం కోత లేకుండా 8 గంటల రోజును గెలుచుకున్నారు. ఆ నగరంలోని స్మారక స్తంభం మీద మూడు ఎనిమిదులు కనిపిస్తాయి. మూటవాడు రాయి మీద బరువు దించిన క్షణమే ఒకనాడు కొలత. ఇప్పుడు గడియారం కొలత అయింది. మాటకున్న కొలత గుణం మాత్రం అలాగే నిలిచింది.

మన దేశంలో ఈ పోరాటానికి పెద్దదిక్కు నారాయణ్ మేఘాజీ లోఖండే. జ్యోతిరావు ఫూలే సహచరుడు, ‘దీనబంధు’ పత్రిక నడిపినవాడు. వారంలో ఒక్కరోజైనా సెలవు ఇవ్వాలని బొంబాయి మిల్లు కార్మికులను కూడగట్టాడు. 1890 జూన్ 10న యజమానులు ఆదివారపు సెలవుకు ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది ఫ్యాక్టరీల చట్టంలో వారపు సెలవు చేరింది. తెలంగాణ నుంచి బతకబోయిన పద్మశాలి నేతకారులు ఎందరో ఆ మిల్లుల్లో పనిచేశారు గనుక ఆ ఆదివారంలో తెలుగువారి వాటా కూడా ఉంది. 1918లో మద్రాసు పెరంబూరులో బట్టల మిల్లుల కార్మికులు కార్మికనేత బి.పి. వాడియాతో చెప్పుకున్న తొలి కష్టాల్లో, మధ్యాహ్నం తిండికిచ్చే విరామం మరీ కొద్దిసేపే ఉందన్నది ఒకటి. దేశంలో పద్ధతిగా ఏర్పడిన తొలి కార్మిక సంఘాల్లో ఒకటైన మద్రాసు లేబర్ యూనియన్‌కు ఆ కష్టాలే పునాది. స్వతంత్రం వచ్చాక 1948 ఫ్యాక్టరీల చట్టం, ఎవరినీ 5 గంటలకు మించి ఏకబిగిన పని చేయించకూడదని, నడుమ కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని శాసించింది. అదే ఏడాది డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణంలో విశ్రాంతినీ తీరికనూ హక్కుల వరుసలో చేర్చింది. రెస్ట్, లీజర్ అక్కడ పక్కపక్కనే కూర్చున్నాయి. కాపరి మాట, దొర మాట ఒకే వాక్యంలో సమానంగా చోటు చేసుకోవడానికి దాదాపు తొమ్మిది వందల ఏళ్లు పట్టింది.

తెలుగు ఇళ్లలోకి రెస్ట్ అనే మాటను తెచ్చినవాడు మాత్రం డాక్టరే. 1863లో లండన్ శస్త్రవైద్యుడు జాన్ హిల్టన్, దెబ్బతిన్న అవయవాన్ని కదలనివ్వకపోవడమే మందు అని ఒక పుస్తకం నిండా వివరించాడు. అమెరికాలో వీర్ మిచెల్ నరాల బలహీనతకు వారాల తరబడి మంచం దిగనివ్వని చికిత్సను ప్రచారంలోకి తెచ్చాడు. చదవడం, రాయడం కూడా కట్టిపెట్టించే ఆ చికిత్స ఒక స్త్రీని ఎంత నలిపేయగలదో, దాన్ని అనుభవించిన షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో ‘ది ఎల్లో వాల్‌పేపర్’ కథలో చూపించింది. ఎవరి విశ్రాంతిని ఎవరు నిర్ణయించాలనే ప్రశ్న అక్కడ మొదటిసారి గట్టిగా వినిపించింది. క్షయకు మందు లేని రోజుల్లో మంచి గాలి, మంచి తిండి, మంచం పట్టి ఉండటం ఇవే దిక్కు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1910ల్లో వెలసిన శానిటోరియం, దాని తొలి వైద్యాధికారి, డెన్మార్క్ దేశస్థుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దక్షిణాదిలో ఎన్ని కుటుంబాలకు ఆశ కల్పించారో చెప్పనలవి కాదు. ఆ మంచాల కాలాన్ని ముగించినది కూడా మన పక్కనే జరిగిన పరిశోధన కావడం విశేషం. 1956లో మద్రాసులో మొదలైన క్షయ చికిత్సా కేంద్రం, మందులు క్రమంగా వాడితే ఇరుకు ఇళ్లలో ఉన్న రోగులకు కూడా శానిటోరియంలో మంచం పట్టినవారికి దీటుగా నయమవుతుందని 1959లో లోకానికి వెల్లడించింది. ప్రపంచమంతా క్షయ వైద్యం ఆ దారి పట్టింది.

అప్పు తీసుకున్నదాని లెక్క చెప్పినప్పుడు ఇచ్చినదాని లెక్క కూడా చెప్పాలి. దక్షిణాదిలో బాటసారుల విడిదిని ఇంగ్లీషువారు ‘చౌల్ట్రీ’ అన్నారు. 1886లో వచ్చిన హాబ్సన్ జాబ్సన్ కోశం, వ్యుత్పత్తి కొంత సందేహమే అంటూనే, దాన్ని మన ‘చావడి’తో ముడిపెట్టింది. మనవాళ్లు బదులుగా రెస్ట్‌హౌస్‌ను తీసుకున్నారు. మాటల్లో పొరలు ఏర్పడ్డాయి. విశ్రాంతి పుస్తకాలకు, పదవీ విరమణ చేసిన ఆచార్యులకు, పాత సినిమాల్లో సగం ఆట కాగానే తెర మీద పడే అక్షరాలకు దక్కింది. రెస్ట్ మరొకరు చెప్పాక పుచ్చుకునేది అయింది. డాక్టరు చెప్పాలి, లేదా అమ్మ ఫోన్‌లో మందలించాలి. సేద తీరడం, అలుపు తీర్చుకోవడం, నడుం వాల్చడం మాత్రం ఎవరి సెలవూ అడగనివి. అచ్చతెలుగు మాటలు మూడింటిలోనూ ఒళ్లు ఉంది, చెమట ఉంది. గోతుల ‘రస్తా’కు సాటిరాగల మాటలు మనకు అవే.

మొదటి ‘రస్తా’లో బరువు మోసినవాడు తన ఇష్టాన మోసినవాడు కాదు. వుల్ఫిలా అనువదించిన ఆ వాక్యం రోమన్ల వెట్టిని గురించినది. దారిన పోయేవాడి చేత మూట మోయించే అధికారం సైన్యానికి ఉండేది. నిజాం ఏలుబడిలో అధికారుల సామాను ఊరి నుంచి ఊరికి నెత్తిన మోసిన తెలంగాణ వెట్టివాళ్లకు ఆ మైలు ఎంత పొడవో తెలుసు. ఇప్పటి బరువులు వేరు. కోజికోడ్ వస్త్ర దుకాణాల్లో పొద్దుటి నుంచి రాత్రిదాకా నిలబడే అమ్మకపు పనివారు, కొనేవాళ్లు లేని వేళల్లో కూడా కూర్చోనివ్వని పద్ధతి మీద ఏళ్లపాటు ఉద్యమించారు. కేరళ 2018లో చట్టం సవరించింది. తమిళనాడు 2021లో అదే దారి పట్టింది. ప్రతి దుకాణంలోనూ పనివారికి కూర్చునే వసతి ఉండాలని ఆ చట్టాలు చెబుతున్నాయి. పశువుల కొట్టంలో కాడ్మన్‌కు దొరికిన పడక దాకా పోలేదు వారి కోరిక. కౌంటరు వెనక ఒక స్టూలు వేయమన్నారు.